ఢిల్లీ పిల్లలు ఏ వేళ ఆడాలి? ఏ ఆట ఆడాలి?

ఢిల్లీ బడుల్లో ఆటల పోటీలంటే చలికాలమే గుర్తొస్తుంది. ఎండ మెత్తబడుతుంది, మైదానాలు ఆరి ఉంటాయి, మొదటి విడత పరీక్షలు అయిపోతాయి. అందుకే వార్షిక క్రీడోత్సవాలు, బడుల మధ్య పోటీలు నవంబరు, డిసెంబరు నెలల్లో పెట్టుకోవడం ఎన్నో ఏళ్ల అలవాటు. చిక్కేమిటంటే, ఏడాదిలో ఢిల్లీ గాలి బాగా పాడయ్యే రోజులు కూడా సరిగ్గా అప్పుడే వస్తాయి. 2025 నవంబరు 19న సుప్రీంకోర్టు ఈ విషయాన్నే ఎత్తి చూపింది. రాజధాని ప్రాంతంలోని పాఠశాలల క్రీడా పోటీలను గాలి కాస్త శుభ్రంగా ఉండే నెలలకు జరిపే విషయం పరిశీలించమని వాయు నాణ్యత నిర్వహణ కమిషన్‌ను కోరింది.

ఈ పరిస్థితిలో తల్లిదండ్రులు సాధారణంగా రెండు దారుల్లో ఒకటి పడతారు. గాలి బాగాలేదని పిల్లల్ని ఏడాది పొడవునా ఇంట్లోనే కూర్చోబెట్టేవారు కొందరు. మన చిన్నప్పుడు ఆడలేదా అని ఏ రోజైనా మైదానానికి తోలేవారు మరికొందరు. రెండింటిలోనూ పిల్లలు నష్టపోతారు. ఆట వల్ల శరీరానికి ఏమేం అందుతాయో, వాటిలో దేనికి ఎంత గాలి పీల్చాల్సి వస్తుందో విడదీసి చూస్తే మూడో దారి కనిపిస్తుంది.

గుండె అడిగేది ఆయాసాన్ని

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒక మాదిరి నుంచి బాగా శ్రమ కలిగే పనిలో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. వారంలో కనీసం మూడు రోజులు గట్టిగా ఆయాసపడే ఆటలు, కండరాలను, ఎముకలను బలపరిచే ఆటలు ఉండాలని కూడా అందులో ఉంది. 'ఒక మాదిరి శ్రమ' అంటే ఆడుతూ మాట్లాడగలగాలి గానీ పాట పాడలేకపోవాలి. 'గట్టి శ్రమ' అంటే నాలుగు మాటలు అనేసరికి ఊపిరి అందకపోవాలి. ఏ పరికరమూ లేకుండా ఇంట్లో వాళ్లు చూసుకోగలిగే కొలత ఇది.

ఆ ఆయాసం తెప్పించడంలో ఖో-ఖోకు సాటి వచ్చే ఆటలు తక్కువ. ఎనిమిది మంది మధ్య గీత మీద ఒకరు అటు, ఒకరు ఇటు ముఖం పెట్టి కూర్చుంటారు. తొమ్మిదో మనిషి తరుముతాడు. తరిమేవాడు మొదలుపెట్టిన దిక్కు మార్చుకోకూడదు, మధ్య గీతను దాటకూడదు. తప్పించుకునే వాళ్లకు ఆ అడ్డేమీ లేదు, ఎటైనా దూరిపోవచ్చు. కాబట్టి తరిమేవాడు కొద్ది క్షణాలు శక్తినంతా పెట్టి పరుగెత్తి, కూర్చున్నవాడి వీపు తట్టి 'ఖో' అని, తాను కూర్చోవాలి. బాగా పరుగు, కాస్త విరామం, మళ్లీ పరుగు. పెద్ద క్రీడాకారులకు శిక్షకులు గడియారం చూసి చేయించే విరామ శిక్షణ ఈ ఆటలో నియమాల వల్లే జరిగిపోతుంది. గుండె ఒక్కో దెబ్బకు తోసే రక్తం పెరగడానికి, కండరాలు ప్రాణవాయువును బాగా వాడుకోవడానికి ఇలాంటి శ్రమ పనికొస్తుంది.

ఖో-ఖో తొలి ప్రపంచ కప్ 2025 జనవరిలో జరిగింది కూడా ఢిల్లీలోనే, ఇందిరాగాంధీ ఇండోర్ స్టేడియంలో. పురుషుల, మహిళల కప్పులు రెండూ భారత్‌కే వచ్చాయి, రెండు ఫైనళ్లలోనూ ప్రత్యర్థి నేపాలే. జనవరిలో ఆ పోటీ పైకప్పు కింద జరగడం ఒక రకంగా మంచిదే అయింది.

ఢిల్లీ గల్లీల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది మాత్రం క్రికెట్టే. సరదా సంగతి ఎలా ఉన్నా, వ్యాయామం లెక్కలో అది కాస్త వెనకబడిన ఆట. ఒకడు బౌలింగ్ చేస్తాడు, ఒకడు కొడతాడు, మిగతా ఎనిమిది మంది బంతి తమ వైపు రావాలని నిలబడి ఉంటారు. దాని పక్కన పిట్ఠూ పెట్టి చూడండి. తెలుగువారి ఏడు పెంకులాటే ఢిల్లీలో పిట్ఠూ. పెంకులు పడగొట్టిన క్షణం నుంచి మళ్లీ పేర్చేదాకా రెండు జట్లూ పరుగులోనే ఉంటాయి. ఊంచ్-నీచ్ అని ఇక్కడి పిల్లలు పిలిచే నేల-బండ ఆట, ముట్టుకుంటే బిగుసుకుపోవాల్సిన విష్-అమృత్ ఆట కూడా అంతే. వీటిలో నిలబడి చూసేవాడు ఉండడు.

ఎముకలకు కావలసింది గెంతు

ఎముక రాయిలాంటిది కాదు. బరువు పడిన చోట గట్టిపడుతుంది, పడని చోట పలచనవుతుంది. అయితే దానికి కావలసిన బరువు నెమ్మదిగా, అదే పనిగా పడేది కాదు. ఒక్కసారిగా పడి పోయే దెబ్బ కావాలి. గెంతి నేల మీద దిగినప్పుడు కాలి ఎముకల మీద శరీరం బరువుకు కొన్ని రెట్ల ఒత్తిడి క్షణంపాటు పడుతుంది. ఎముక కణాలు గుర్తుపట్టేది ఆ క్షణాన్నే. అలాంటివి వరసగా కొన్ని పడ్డాక ఎముక స్పందన మందగిస్తుంది. అందుకే ఒకే రోజు గంటలకొద్దీ గెంతడం కంటే రోజూ కాసేపు గెంతడం మేలు.

ఈ పని ముఖ్యంగా చేయాల్సిన వయసు ఒకటుంది. పెద్దయ్యాక ఒంట్లో ఉండే ఎముక ఖనిజంలో దాదాపు పావు వంతు, యవ్వనారంభంలో ఎత్తు వేగంగా పెరిగే దశకు అటూ ఇటూ ఉన్న రెండేళ్లలోనే చేరుతుంది. ఆడపిల్లల్లో ఇది సుమారు 11-13 ఏళ్ల వయసు. చాలా ఇళ్లలో 'ఇక బయట ఆడింది చాలు' అని ఆడపిల్లకు చెప్పేది కూడా ఆ వయసులోనే.

తొక్కుడు బిళ్ళను ఢిల్లీలో స్టాపూ అంటారు. ఒంటికాలి మీద గెంతుతూ పట్టుకునే ఆట లంగ్డీ, అదే మన కుంటుడాట. తాడాట సరేసరి. మూడింటికీ పెద్ద జాగా అక్కర్లేదు. అపార్ట్‌మెంటు మెట్ల ముందు ఉన్న పది అడుగుల సిమెంటు నేల, ఒక సుద్దముక్క చాలు. వీటిలో ఒంటికాలి తూకం కూడా అలవడుతుంది. ఖేలో ఇండియా పథకంలో బడి పిల్లలకు పెట్టే దేహదారుఢ్య పరీక్షలో మొదటి మూడు తరగతులవారికి ఉన్న అంశాల్లో ఒకటి ఒంటికాలి మీద నిలబడటమే. స్టాపూ ఆడే పిల్లకు దాని కోసం విడిగా సాధన అవసరం లేదు.

ఈ ఆటల్లో మరో సుగుణం తర్వాత గాలి లెక్క దగ్గర పనికొస్తుంది. గెంతులు గట్టివే అయినా వంతు వంతుకు మధ్య విరామం ఎక్కువ, కాబట్టి ఆయాసం తక్కువ.

కంటికి చాలేది వెలుతురు

ఢిల్లీ పిల్లల కళ్ల గురించి అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, అంటే ఎయిమ్స్, వైద్యులు చేసిన పెద్ద అధ్యయనం ఒకటుంది. నగరంలోని 20 బడుల్లో 9,884 మంది పిల్లలను పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. 13.1 శాతం మందికి హ్రస్వదృష్టి ఉందని తేలింది. అంటే దగ్గరివి కనిపిస్తాయి, దూరంగా ఉన్న బ్లాక్‌బోర్డు మసకబారుతుంది. రోజుకు ఐదు గంటలకు మించి చదువు రాత, రెండు గంటలకు మించి టీవీ ఉన్న పిల్లల్లో అది ఎక్కువగా కనిపించింది. రోజుకు రెండు గంటలకు మించి బయట ఆడేవారిలో తక్కువగా ఉంది. ఏడాది తర్వాత అదే పిల్లలను మళ్లీ చూసినప్పుడు, వారానికి 14 గంటలకు మించి ఆరుబయట గడిపేవారిలో అద్దాల పవరు పెరగడం కూడా తక్కువగా ఉంది.

ఇలాంటి సంబంధం మాత్రమే కనిపిస్తే, కళ్లు బాగున్న పిల్లలే బయట ఎక్కువ ఆడుతున్నారేమో అనే అనుమానం మిగులుతుంది. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో దాన్ని ప్రయోగంతో తేల్చారు. కొన్ని బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాల ఆరుబయటి పీరియడ్ అదనంగా పెట్టారు, మిగతా బడులను ఉన్నట్టే వదిలేశారు. మూడేళ్ల తర్వాత కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు అదనపు పీరియడ్ ఉన్న బడుల్లో 30.4 శాతం, లేని బడుల్లో 39.5 శాతం.

దీనికి కారణం ఆటలోని కదలిక కన్నా వెలుతురే అని ఇప్పుడు ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. తరగతి గదిలో వెలుతురు మూడు, నాలుగు వందల లక్స్ ఉంటే, మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయట అది వేలల్లో ఉంటుంది. ఆ వెలుతురుకు రెటీనాలో డోపమైన్ అనే రసాయనం విడుదలై, కనుగుడ్డు అవసరానికి మించి పొడవు సాగకుండా ఆపుతుందని భావిస్తున్నారు. ఎండలో మాడాల్సిన పనీ లేదు. చెట్టు నీడలో, బయటికి తెరుచుకున్న వరండాలో దొరికే వెయ్యి లక్స్ కూడా మేలు చేస్తుందని తైవాన్ బడుల్లో చేసిన అధ్యయనం చూపింది. అంటే కంటి కోసం పరుగెత్తక్కర్లేదు. చెట్టు కింద కూర్చుని అచ్చనగాయలు ఆడినా కంటి వాటా కంటికి అందుతుంది.

మోరీ గేటు, గుర్గావ్

ఎండ వల్ల చర్మంలో తయారయ్యే విటమిన్ డి సంగతి ఢిల్లీలో కాస్త మెలిక పడింది. పాత ఢిల్లీ పక్కనున్న మోరీ గేటు ప్రాంతంలో, అప్పటికి కాలుష్యం తక్కువగా ఉన్న గుర్గావ్‌లో 9 నుంచి 24 నెలల పసివాళ్లను పోల్చిన అధ్యయనం ఒకటి 2002లో వెలువడింది. పిల్లల రక్తంలో విటమిన్ డి మోరీ గేటులో సగటున మిల్లీలీటరుకు 12.4 నానోగ్రాములు, గుర్గావ్‌లో 27.1. మోరీ గేటు మీది పొగమంచు విటమిన్ డి తయారుచేసే అతినీలలోహిత కిరణాలను నేలకు చేరకముందే ఆపేస్తోందన్నమాట. ఎండ ఉన్నట్టే కనిపిస్తుంది, పని మాత్రం చేయదు. ఆ రోజుల గుర్గావ్ ఇప్పుడు లేదు కాబట్టి ఆ పోలికను ఈనాడు అదే చోట్ల తిరిగి చేయడం కుదరదు.

దీనికి తోడు డిసెంబరు చివర ఢిల్లీలో మధ్యాహ్నం పన్నెండు దాటాక కూడా సూర్యుడు దిగంతానికి 38 డిగ్రీల ఎత్తుకే చేరతాడు. ఉదయం ఎనిమిదింటి చలికాలపు ఎండలో ఒళ్లు వెచ్చబడొచ్చు గానీ విటమిన్ డి దాదాపు రాదు. కిటికీ అద్దం వెనక కూర్చుంటే ఏ కాలంలోనూ రాదు, ఆ కిరణాలను అద్దం ఆపేస్తుంది.

ఊపిరితిత్తులు కట్టే వెల

ఇంతవరకు చెప్పినవన్నీ రాబడి. ఇక ఖర్చు. పదేళ్ల లోపు బడి వయసు పిల్ల కదలకుండా కూర్చుంటే నిమిషానికి సుమారు 5 లీటర్ల గాలి పీలుస్తుంది. గట్టిగా పరుగెత్తితే 40 లీటర్లు దాటుతుంది. పైగా ఆయాసంలో నోటితో పీలుస్తాం కాబట్టి ముక్కు చేసే వడపోత తప్పిపోతుంది.

చిన్న లెక్క వేసి చూడవచ్చు. నవంబరులో 'చాలా అధ్వాన్నం' అనే రోజున పీఎం 2.5 అనే సన్నటి ధూళి ఘనపు మీటరుకు 200 మైక్రోగ్రాములు ఉందనుకుందాం. గంటసేపు ఆపకుండా పరుగెత్తే పిల్ల 2,400 లీటర్లు, అంటే 2.4 ఘనపు మీటర్ల గాలి పీలుస్తుంది. లోపలికి వెళ్లే ధూళి 480 మైక్రోగ్రాములు. అదే గంట ఊరికే కూర్చుంటే 60. వాన కడిగిన ఆగస్టు రోజున ధూళి 40 మైక్రోగ్రాములుంటే అదే పరుగుకు 96. అంటే ఆగస్టులో గంట పరుగుకు లోపలికి వెళ్లే ధూళి, నవంబరులో రెండు గంటలు ఊరికే కూర్చున్నప్పటికన్నా తక్కువ. ఒకే ఆట, ఒకే పిల్ల, నెల మారితే ఖర్చు ఐదో వంతుకు పడిపోయింది. పరుగు మానేసి ఇంట్లో ఉన్నంత మాత్రాన ఆ ధూళి నుంచి పూర్తిగా తప్పించుకోలేమని కూడా ఈ లెక్కే చెబుతుంది, ఎందుకంటే గాలి శుద్ధి యంత్రం లేని ఇంట్లోకి బయటి ధూళి చాలావరకు వచ్చేస్తుంది.

పిల్లల ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతుంటాయి కాబట్టి ఈ ఖర్చు పెద్దలకన్నా వారికి ఎక్కువ. కోల్‌కతాలోని చిత్తరంజన్ జాతీయ క్యాన్సర్ సంస్థ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కోసం ఢిల్లీలో 11,628 మంది బడి పిల్లలను పరీక్షించింది. 2008లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం 43.5 శాతం మంది ఊపిరితిత్తుల పనితనం తగ్గి ఉంది. పోలిక కోసం చూసిన పల్లె ప్రాంతాల పిల్లల్లో అది 25.7 శాతం.

మరి ఆట మానేయాలా? కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో వేసిన అంచనా ప్రకారం ఢిల్లీ లాంటి నగరంలో కూడా వారానికి ఐదు గంటలు దాటి సైకిల్ తొక్కితేనే కాలుష్య నష్టం వ్యాయామ లాభాన్ని మించుతుంది. అయితే అది పెద్దలకు, ఏడాది సగటు గాలి మీద వేసిన లెక్క. పిల్లలకు నేరుగా అన్వయించకూడదు. పిల్లల విషయంలో హెచ్చరికలాంటి ఫలితం 2002లో కాలిఫోర్నియా నుంచి వచ్చింది. ఓజోన్ ఎక్కువగా ఉన్న ఊళ్లలో మూడు లేదా అంతకు మించి క్రీడలు ఆడే పిల్లలకు కొత్తగా ఉబ్బసం వచ్చే అవకాశం ఆడనివారికంటే 3.3 రెట్లు ఎక్కువగా ఉంది. ఓజోన్ తక్కువ ఉన్న ఊళ్లలో ఎన్ని క్రీడలు ఆడినా ఆ తేడా కనబడలేదు. అక్కడ తప్పు ఆటది కాదు.

గడియారం, పంచాంగం

ఢిల్లీ గాలి రోజంతా ఒకేలా ఉండదు. నేల మీది పొగ, ధూళి పైకెగసి కలిసిపోయే గాలి పొర పగటి ఎండకు ఉబ్బుతుంది, రాత్రి చలికి కుంచించుకుపోతుంది. చలికాలపు రాత్రుల్లో అది వందో రెండొందలో మీటర్లకు దిగిపోవచ్చు. మూత పెట్టిన గిన్నెలా మారిన ఊళ్లో రాత్రంతా చేరిన పొగ తెల్లవారాక కూడా కదలదు. అందుకే నవంబరు నుంచి జనవరి వరకు ఉదయపు వేళ, బడిలో ప్రార్థన, డ్రిల్లు జరిగే సమయం, ఆటకు చాలా చెడ్డది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు మధ్య ధూళి సాధారణంగా రోజులోకెల్లా తక్కువ. నవంబరు చివర సూర్యాస్తమయం ఐదున్నరకు ముందే అయిపోతుంది, ఆ వెంటనే మూత మళ్లీ పడుతుంది. 'సాయంత్రం హోంవర్కు అయ్యాక ఆట' అనే నియమం ఈ మూడు నెలలకు సరిపడదు. మధ్యాహ్నం ఆట, చీకటి పడ్డాక హోంవర్కు అంటే కళ్లకూ, ఊపిరితిత్తులకూ కలిసొస్తుంది. 'తీవ్రం' అనే స్థాయికి, అంటే సూచీ 400 దాటితే, మధ్యాహ్నమైనా పరుగు ఆటలు వద్దు.

వేసవిలో లెక్క తలకిందులవుతుంది. ఏప్రిల్ చివరి నుంచి మధ్యాహ్నపు ఎండలో వాహనాల పొగ ఓజోన్‌గా మారుతుంది. ఎండ దెబ్బ ఎలాగూ ఉంది, పిల్లల ఒళ్లు పెద్దల ఒంటికన్నా త్వరగా వేడెక్కుతుంది. అప్పుడు సూర్యోదయం నుంచి ఏడున్నర దాకా ఉండే వేళే మంచిది. జులై నుంచి సెప్టెంబరు వరకు గాలి ఏడాదిలోకెల్లా శుభ్రం. బురద, డెంగీ దోమ మాత్రం ఉంటాయి, కాబట్టి పొడుగు చేతుల చొక్కా తప్పదు. ఫిబ్రవరి రెండో సగం నుంచి ఏప్రిల్ మొదటి సగం వరకు మరో మంచి కాలం. దురదృష్టం కొద్దీ అది వార్షిక పరీక్షల కాలం. గుండెకు కావలసిన ఖో-ఖో, కబడ్డీ, ఫుట్‌బాల్ పోటీలకు ఈ రెండు కాలాలు సరిపోతాయి. నవంబరు-జనవరికి స్టాపూ, లంగ్డీ, తాడాట, నీడలో కూర్చునే ఆటలు మిగుల్చుకోవచ్చు. ఉబ్బసం ఉన్న పిల్లలు వైద్యుడు చెప్పిన ఇన్‌హేలర్ దగ్గర పెట్టుకుని ఏ కాలంలోనైనా ఆడవచ్చు. పిల్లికూతలా ఊపిరి, ఆగని దగ్గు వస్తే మాత్రం ఆట అక్కడే ఆపాలి.

ఫోన్‌లో కనిపించే సూచీని చదవడంలో ఒక జాగ్రత్త ఉంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే ఏక్యూఐ గడచిన 24 గంటల సగటు. మధ్యాహ్నం రెండింటికి ఆడించాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి దగ్గరి కేంద్రంలో ఆ గంటకు నమోదైన పీఎం 2.5 చూడాలి. ఢిల్లీలో దాదాపు 40 కేంద్రాలున్నాయి. ఆనంద్ విహార్‌లో, లోధీ రోడ్డులో ఒకే గంటకు వచ్చే అంకెలు చాలా వేరుగా ఉండటం మామూలే.

జాగా ఎక్కడ?

కాలనీ పార్కుల్లో 'బంతి ఆటలు నిషిద్ధం' అన్న బోర్డులు తక్కువేం కాదు. గుర్గావ్ 2013 నవంబరులో ఆదివారం ఉదయాలు కొన్ని వీధుల్లో కార్లు ఆపి రాహ్‌గిరీ పేరుతో జనానికి వదిలింది. దేశంలో అలాంటి ప్రయత్నాల్లో అదే మొదటిది. మరుసటి ఏడాది అది ఢిల్లీలోని కన్నాట్ ప్లేస్‌కు వచ్చింది. అయితే వారానికొక ఉదయం రోజూ కావలసిన గంటను తీర్చలేదు. జాగా తక్కువైన చోట ఆట ఎంపికే దిక్కు. పెద్దల ఖో-ఖో మైదానమైనా 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పే. కబడ్డీకి 13 మీటర్లు, 10 మీటర్లు చాలు. ఒక మాదిరి పార్కింగ్ స్థలంలో పట్టేస్తుంది.

బడుల్లో మైదానం ఉన్నా వేళ దొరకదు. ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలలు చాలా వాటిలో ఒకే భవనంలో రెండు షిఫ్టులు నడుస్తాయి, సాధారణంగా ఉదయం ఆడపిల్లలకు, మధ్యాహ్నం మగపిల్లలకు. ఉదయం షిఫ్టు పన్నెండున్నర, ఒంటిగంట ప్రాంతంలో ముగుస్తుంది. చలికాలంలో గాలి తేరుకునేదీ, ఎండ పనిచేసేదీ సరిగ్గా ఆ వేళ నుంచే. ఎముకలు కట్టుకునే వయసులో ఉన్న ఆ ఆడపిల్లలు అప్పటికి గేటు దాటి ఇంటికి వెళ్తుంటారు, మైదానంలోకి రెండో షిఫ్టు వస్తుంటుంది. ఉదయం షిఫ్టు టైంటేబుల్‌లో ఆటల పీరియడ్‌ను మొదటి గంట నుంచి చివరి గంటకు మార్చడానికి మాత్రం కొత్త మైదానం, కొత్త ఖర్చు ఏదీ అవసరం లేదు.